జమునక్క వెనక గది

బాగా నడుస్తున్న కార్యక్రమాన్ని టీవీ వాళ్ళు ఎందుకు మారుస్తారని నన్ను చాలామంది అడుగుతుంటారు. అబిడ్స్‌లో ఒక ఛానల్ ఆఫీసులో కూర్చుని ఏళ్ళ తరబడి వాళ్ళ కార్యక్రమాలకు వ్యాఖ్యానం రాసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం. తెలుసు. ఛానల్ పేరు మాత్రం చెప్పను. చెబితే ఉచితంగా ప్రచారం చేసినట్టవుతుంది, వాళ్ళకు అంత ఉపకారం చేసే ఉద్దేశం నాకు లేదు. నాంపల్లి జమున సంగతి చెబుతాను. మీ ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది.

జమునది నాంపల్లి కోర్టు దగ్గర జిరాక్స్ దుకాణం. అరవై దాటిన మనిషి. భర్త అక్కడే టైపు కొట్టేవాడు. ఆయన పోయాక టైపు మిషన్ మూల పెట్టి జిరాక్స్ మిషన్ తెచ్చుకుంది. ఫిర్యాదులకూ అఫిడవిట్లకూ కాపీలు తీయించుకోవడానికి వచ్చేవాళ్ళను ఊరికే పంపేది కాదు. కాగితాన్ని అద్దం మీద బోర్లా పెట్టేలోపే చదివేసేది. చదివి ఊరుకుంటే బాగానే ఉండును. "గింత దానికి కోర్టుకెక్కుతరా?" అని తగులుకునేది. ఎదుటి పక్షం వాడు కూడా ఎలాగూ ఆ ఆవరణలోనే ఏ చెట్టు కిందో నిలబడి ఉంటాడు కదా, వాణ్ణీ పిలిపించేది. ఇద్దర్నీ దుకాణం వెనకున్న చిన్న గదిలోకి తోసి, తనూ వెళ్ళి తలుపు వేసేది.

ఆ గదిలో ఒక నవారు మంచం, ఒక బల్ల, భర్త నాటి పాత కాగితాల కట్టలు ఉండేవి. మొదలుపెట్టే ముందు ఒకే ఒక్క షరతు చెప్పేది. "గీ గదిల మాట గీ గదిలనే ఉండాలె. మీరు చెప్పొద్దు, నేను చెప్ప." ఆ మాట ఆమె ఏనాడూ తప్పలేదు. తలుపు తీశాక ఇద్దరూ దుకాణం ముందు బెంచీ మీద కూర్చుని, ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌కు కేకేసి చాయ్ చెప్పాలి. రాజీ కుదిరితే వన్ బై టూ, అంటే ఒకే చాయ్ ఇద్దరూ సగం సగం పంచుకుని తాగుతారు. కుదరకపోతే ఎవరి చాయ్ వాళ్ళది. ఈ ఊళ్ళో దోస్తులే వన్ బై టూ తాగుతారు, పగవాళ్ళు తాగరు. కాబట్టి లోపల ఏం జరిగిందో తెలియకపోయినా ఏం తేలిందో మాత్రం ఆ కేకతో వీధికంతా తెలిసిపోయేది.

జమునను నేను దేవతను చేయబోవడం లేదు. నోరు పెద్దది. ఎలాగైనా వన్ బై టూ చెప్పించాలనే పట్టుదలలో, ఇద్దరిలో మెత్తగా ఉన్నవాడి మెడే వంచిన రోజులూ ఉన్నాయి. వకీళ్ళకు ఆమె కంట్లో నలుసు. ఒక పెద్ద వకీలు ఆమె దుకాణం ఫుట్‌పాత్ మీదికి వచ్చిందని మున్సిపాలిటీకి ఫిర్యాదు రాసి, దాని కాపీలు కూడా ఆమె దగ్గరే తీయించుకున్నాడు. ఆమె తీసి ఇచ్చింది, అందులో తన ఇంటిపేరు తప్పు రాశాడని తిట్టి మరీ ఇచ్చింది.

మా ఛానల్‌లో అప్పుడు అంజన్ అనే ప్రొడ్యూసర్ ఉండేవాడు. పాస్‌పోర్టు కాగితాలు జిరాక్స్ తీయించుకుందామని వెళ్ళి, మధ్యాహ్నమంతా ఆ బెంచీ పక్కనే నిలబడిపోయాడు. అలా పుట్టింది 'సగం చాయ్'. ఆదివారం సాయంత్రం అరగంట కార్యక్రమం. మొదట రెండు పక్షాలూ లోకానికి చెప్పుకోదగ్గ సంగతి చెప్పుకుంటాయి. తర్వాత తలుపు మూసుకుంటుంది. కెమెరా బయటే ఉండాలని జమున షరతు, అంజన్ మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. అక్కణ్ణించి మనకు కనిపించేది ఆ మూసిన తలుపు, నల్లకోట్లు, ఆటోలు, హోటల్ గుమ్మంలో కేక కోసం ఎదురుచూస్తున్న సర్వరు. తలుపు తెరుచుకుంటుంది. ఇద్దరూ బెంచీ మీద కూర్చుంటారు. ఒకడు నోరు తెరుస్తాడు. అంతే కార్యక్రమం.

అది ఎంతగా నడిచిందంటే, కాచిగూడ లాడ్జీల్లో దిగినవాళ్ళు కూడా కింద కౌంటరు దగ్గర చేరి చూసేవాళ్ళు. లోపల అన్న ఏమని ఉంటాడు, తమ్ముడు ఎందుకు తగ్గి ఉంటాడు అని ప్రతి ఇంట్లో అన్నాల దాకా వాదన. అసలు కార్యక్రమం ఆ వాదనే. జమున జుట్టుకు రంగేసింది. అబిడ్స్ బట్టల దుకాణాల్లో జనం సెల్ఫీలు అడిగితే "ఏందీ లొల్లి" అని విసుక్కుంటూనే, ఆఖరి మనిషి దాకా కదలకుండా నిలబడేది.

ఇంతలో అంజన్‌కు మద్రాసులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. ఆ కుర్చీలోకి ఫణికుమార్ వచ్చాడు. ముంబయిలో పెద్ద పెద్ద ఛానళ్ళు చూసి వచ్చినవాడు. ఆ సంగతి మేము మరిచిపోతామేమోనని పూటకోసారి గుర్తుచేసేవాడు. 'సగం చాయ్' ఒక్క భాగమైనా ఆయన చివరిదాకా చూడలేదని ప్రమాణం చేసి చెప్పగలను. తలుపు మూసుకోగానే ఫోను తీసేవాడు.

మొదటి మీటింగులోనే తేల్చేశాడు. కార్యక్రమం బాగుంది, కానీ పెరగడం లేదట. ఇష్టంగా చూసేవాళ్ళు వారం వారం తప్పకుండా చూస్తూ ఉంటే ఆయన భాషలో అది జబ్బు. మేమంతా తలలూపాం. జీతాలు తీసుకునేది అందుకే కదా.

అసలు కారణం మా ఆఫీసులో చాయ్ ఇచ్చే మనిషితో సహా అందరికీ తెలుసు. కార్యక్రమం ఉన్నది ఉన్నట్టు నడిస్తే ఆ పేరు అంజన్‌ది. ఫణికుమార్ వచ్చినందుకు గుర్తేముంది? మార్చాక పెరిగితే ఆయన తెలివి. పడిపోతే ప్రయోగం, దాన్ని అందుకునే స్థాయి జనానికి లేదు. ఎటు పోయినా ఆయనకు నష్టం లేదు. టీవీల్లో మంచి కార్యక్రమాలు ముసలివై చావవు, కొత్తగా కుర్చీ ఎక్కినవాడి చేతిలో చస్తాయి. కొత్త కోడలు వస్తే వంటింట్లో డబ్బాల చోటు మారుతుందంటారు, ఆ పిల్ల నయం, ఆ వంటింట్లో తనూ తినాలి. వీళ్ళు తమ కార్యక్రమాలు తమ ఇళ్ళల్లో చూడరు.

పై వాళ్ళను ఒప్పించడానికి సర్వే చేయించాడు. తలుపు వెనక ఏం మాట్లాడుకున్నారో మీకు చూడాలని ఉందా అని జనాన్ని అడిగించాడు. అందరూ ఔనన్నారు. అనరా మరి? పెళ్ళిలో అడ్డుతెర పట్టుకున్నప్పుడు పెళ్ళికూతుర్ని చూడాలని ఉందా అంటే వద్దనేవాడెవడు? అలాగని తెరలేని పెళ్ళి చేస్తామా? ఈ ముక్క నేను మీటింగులో అన్నాను. ఫణికుమార్ నవ్వి, రచయితలు ఎప్పుడూ ఎమోషనల్ అన్నాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

గదిలో కెమెరా పెడదామని జమునను అడిగారు. ఆమె కుదరదంటే కుదరదంది, అంత పట్టుదలైతే దుకాణం ఖాళీ చేయండని దులిపేసింది. ఫణికుమార్ చేతులు జోడించి, "మీ ఇష్టం అమ్మా, మీరు చెప్పాక తిరుగుందా" అన్నాడు. కనీసం గదికి సున్నం వేయించి, కొత్త లైటు పెట్టించుకోనివ్వమన్నాడు. అంత పెద్ద మనిషి తన మాటకు తలవంచాడని జమున పొంగిపోయింది. గోడలకు గులాబీ రంగు తనే ఎంచింది. స్పాన్సర్ కంపెనీ వాళ్ళు ఇచ్చారని ఒక పెద్ద గోడ గడియారం తెచ్చి మంచానికి ఎదురుగా కొట్టారు. అది మంచి గడియారమే, టైము సరిగ్గా చూపించేది.

ఆ రంగు తడి ఆరకముందే వచ్చారు వెంకటేశం, రామచంద్రమూర్తి. వెంకటేశం అసలు పేరు అది కాదు. నేను మార్చాను, ఛానల్ మార్చలేదు. ఆయనకు బేగం బజారులో మసాలా దినుసుల హోల్‌సేల్ దుకాణం. ఎత్తైన మనిషి, గుబురు మీసం, వినాయక నిమజ్జనం రోజు లారీ ముందు నడిచేది ఆయనే. నాంపల్లి వెనక గల్లీలో రెండంతస్తుల ఇల్లు. పై వాటా ఆయనది, కింది వాటా మూర్తిది. మూర్తి వాళ్ళ నాన్న ఆంధ్ర, తెలంగాణ ఒక రాష్ట్రంగా కలిసినప్పుడు సెక్రటేరియట్ ఉద్యోగంతో ఏలూరు నుంచి వచ్చాడు. ఇద్దరూ ఒకే బడిలో, ఒకే బెంచీ మీద చదువుకున్నారు.

తగువు ఆ రెండు వాటాల పైనున్న ఖాళీ మేడ గురించి. మేడ ఇద్దరిదీ. ఆ ఏడాది ఉన్నట్టుండి వెంకటేశం మేడ తలుపుకు తాళం వేసి, పొద్దెక్కేదాకా తీయడం మానేశాడు. ఎందుకురా అంటే చెప్పడు. మేడ మింగేయాలని చూస్తున్నాడని మూర్తి తాళం పగలగొట్టాడు. ఇంకో తాళం పడింది. పోలీసులు వచ్చారు. చివరికి ఇద్దరూ చెరో ఫిర్యాదు కాపీకి జమున దగ్గరికే చేరారు. టీవీలో కనిపించడానికి వెంకటేశం ఒప్పుకున్నాడంటే ఒక్కటే కారణం, ఆ తలుపు మూసుకుంటుందని.

మూసుకుంది. కాసేపటికే తెరుచుకుంది. వెంకటేశం కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మూర్తి అతని భుజం మీద చెయ్యేసి, వీధంతా అదిరేలా వన్ బై టూ చెప్పాడు. గల్లీ వాళ్ళు చప్పట్లు కొట్టారు.

రెండు రోజుల తర్వాత, ప్రోమోకు వ్యాఖ్యానం రాయమని నన్ను ఎడిటింగ్ గదికి పిలిచారు. తెర మీద గులాబీ రంగు గోడ, నవారు మంచం, దాని మీద తల వంచుకున్న వెంకటేశం. గడియారంలో కెమెరా ఉందని నాకు అప్పుడు తెలిసింది. తర్వాత విన్నది ఊరంతా విన్నదే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ప్రాస్టేట్ ఆపరేషన్ అయ్యాక ఆయనకు మూత్రం మీద పట్టు పోయింది. తెల్లవారుజామునే లేచి, పంచె, దుప్పటి తన చేత్తో ఉతుక్కుని, మేడ మీద ఆరేసుకుని, అవి ఆరేదాకా తాళం వేస్తున్నాడు.

"ఆపరేషన్ అయినప్పటిసంది ఆగుతలేదు రా మూర్తీ," అన్నాడు తెర మీద వెంకటేశం. "కోడలు ముంగట ఎట్ల ఆరెయ్యాలె?"

మూర్తి అతని పక్కకు జరిగాడు. తర్వాత, "ముందే చెప్పి చావొచ్చుగా. తాళం నేనే కొనిచ్చేవాణ్ణి," అన్నాడు.

నా పక్కన కూర్చున్న ఫణికుమార్ చప్పట్లు కొట్టాడు. ఇలాంటి మనుషులను చూస్తే నాకు కోపం కూడా రాదు, అసహ్యం వేస్తుంది. నేను మెట్లు దిగుతూనే జమునకు ఫోన్ చేశాను.

ఆమె నాంపల్లి నుంచి అబిడ్స్‌కు ఆటో కూడా ఎక్కకుండా నడిచి వచ్చింది. ఫణికుమార్ గదిలో నిలబడే మాట్లాడింది, కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆయన ఏమాత్రం తడబడలేదు. ఎవరి మనోభావాలూ దెబ్బతినవని, మొహం మసక చేస్తామని అన్నాడు. పేరు, ఇల్లు, మేడ, మీసం, తోడుగా మూర్తి, అన్నీ మొదటి భాగంలో చూపించి, లోపలికి వచ్చాక మొహం మసక చేస్తారట. జమున ఇక తాను కార్యక్రమం చేయనంది. ఆయన మొహంలో నేను చూసింది సంతోషం. ఆ స్థానానికి పాతికేళ్ళ యాంకరమ్మను ముందే మాట్లాడి పెట్టుకున్నాడు.

"మీకు అర్థం కావట్లేదు మేడమ్," అన్నాడు. "ఇన్నాళ్ళూ మీరు జనానికి తలుపు చూపించారు. నేను మనిషిని చూపిస్తున్నా."

ఛానల్ యజమానిని కలిస్తే, అది ఫణికుమార్ డిపార్టుమెంటు అన్నాడు. అప్పుడు జమున, తన మీద మున్సిపాలిటీకి ఫిర్యాదు రాసిన ఆ వకీలు దగ్గరికే వెళ్ళింది. ఆయన పాత సంగతి ఎత్తలేదు, నిజంగానే మనసు పెట్టి విన్నాడు. ఆదివారం లోపల కోర్టు నుంచి ఆపుదల ఉత్తర్వు తెచ్చే వీలుందన్నాడు. అయితే వెంకటేశమే పిటిషన్ వేయాలి. ఏం బయటపడుతుందని భయపడుతున్నాడో అందులో రాయాలి. అది గుమస్తా చదువుతాడు, అవతలి వకీలు చదువుతాడు, హాల్లో అందరి ముందూ వాదన జరుగుతుంది.

ఆ మాట చెప్పడానికి ఆమె వెంకటేశం ఇంటికి వెళ్ళింది. నేనూ వెంట ఉన్నాను. గడియారం సంగతి, తను మోసపోయిన సంగతి, పిటిషన్ సంగతి దాచకుండా చెప్పి, ఏడ్చింది. అంత నోరున్న మనిషి ఏడుస్తుంటే చూడలేకపోయాను. వెంకటేశం వంటింటి వైపు చూశాడు. కోడలు అక్కడ గిన్నెలు సర్దుతోంది. గొంతు తగ్గించాడు.

"టీవీల రావద్దని కోర్టుల చెప్పుకోవాల్నా అక్కా? వద్దు. జనం మర్చిపోతరు."

ఆదివారం ప్రసారమైంది. 'తాళం వెనక కన్నీళ్ళు' అని పేరు పెట్టారు. వ్యాఖ్యానం నేను రాయనంటే ఫణికుమారే రాసుకున్నాడు, భాష కూడా అతని బుద్ధిలాగే ఉంది. అంతకుముందు ఎన్నడూ లేనంతమంది చూశారట. సోమవారం ఆఫీసులో కేకు కోశారు. కేకు మీద చాక్లెట్‌తో తెరిచిన తలుపు వేయించారు. అది తిన్నవాళ్ళలో సగంమందికి ఇంట్లో వెంకటేశం వయసు తండ్రులున్నారు.

జనం మర్చిపోలేదు. బేగం బజారులో ఎవడో ఆయన దుకాణం మెట్ల మీద పిల్లల డైపర్ల ప్యాకెట్ పెట్టి పోయాడు. 'ఆగుతలేదు రా' అని ఆయన నోట్లోంచి వచ్చిన ముక్కకు పాట కట్టి ఫోన్లలో తిప్పారు. నవ్విన ప్రతివాడితో మూర్తి కలబడ్డాడు, ఒకసారి చొక్కా చింపుకుని ఇంటికొచ్చాడు. వెంకటేశం దుకాణం కొడుక్కి అప్పగించి ఇంటి మెట్లు దిగడం మానేశాడు. వాటన్నిటినీ ఓర్చుకునేవాడేమో. కోడలు మంచి పిల్ల. ప్రసారమైన మర్నాడు పొద్దున్నే బకెట్ తీసుకుని, నాకియ్యున్రి మామయ్యా, నేను ఉతుకుత, అంది. ఆ మంచి మాటే ఆయన్ను కుంగదీసింది.

'సగం చాయ్' ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. బతకదని చెప్పడానికి సర్వే అక్కర్లేదు. లోపలి మాట బయటపడే గదిలోకి ఎవడు వెళ్ళి కూర్చుంటాడు? నిజం మనుషులు రావడం మానేశారు. కృష్ణానగర్ నుంచి జూనియర్ ఆర్టిస్టులను తెచ్చి అన్నదమ్ములన్నారు, అట్ట తలుపు కట్టారు, చెంపదెబ్బలు పెట్టారు, ఎస్సెమ్మెస్ ఓట్లు పెట్టారు. ఇళ్ళల్లో వాదన ఆగిపోయింది, వాదించుకోవడానికి ఏం మిగిలిందని? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. కార్యక్రమం ఎత్తేసేనాటికి ఫణికుమార్ ఇక్కడ లేడు. కేకు కోసిన వారం లెక్క చూపించి ఇంతకంటే పెద్ద ఛానల్‌లో, ఇంతకంటే పెద్ద కుర్చీ ఎక్కాడు. అక్కడ కూడా ఏదో బాగా నడుస్తున్నదే ఉండి ఉంటుంది, పాపం. నేను కూడా ఆ ఉద్యోగం మానేశాను. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

జమున ఇప్పటికీ జిరాక్సులే తీస్తుంది. ఆమె తప్పు లేదని అందరికీ తెలుసు, అయినా కాగితాలు ఇచ్చేటప్పుడు జనం బోర్లా తిప్పి ఇస్తున్నారు. ఆమె కూడా చదవడం మానేసింది. వెనక గదిలో గడియారం పీకేసింది. లైటు పీకేసింది. క్యాలెండరు, దేవుడి పటం కూడా తీసేసింది. మేకుల బొక్కలకు సిమెంటు పూయించింది.

మొన్న వేసవిలో నా పాన్ కార్డు కాపీ కోసం వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద ఎవరూ లేరు. వెంకటేశం వచ్చాడు. గుర్తుపట్టడానికి నాకు కొంచెం సమయం పట్టింది, మీసం తీసేశాడు. నన్ను చూడలేదు. జమున మిషన్ ఆపేసి, ఏమీ అడగకుండా ఆయన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళింది. తలుపు వేయబోతే ఆయన వద్దన్నాడు.

"ఏస్తే ఏంది, ఏయకుంటే ఏంది."

మంచం అంచున కూర్చున్నాడు. ఆమె బల్ల లాక్కుని ఎదురుగా కూర్చుంది. బయటి నుంచి నాకు ఇద్దరూ కనిపిస్తున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. పెదవులు కదిలాయి. మళ్ళీ మూసుకున్నాయి.

"చెప్పు తమ్మీ," అంది జమున. "గీడ ఇగ ఏం లేదు, జూడు. నువ్వు, నేను, గోడలు."

ఆయన నాలుగు గోడల వైపూ చూశాడు. ఒక గోడ తర్వాత ఒక గోడ, పైకప్పు, తలుపు సందు, చివరికి ఆమె మొహం. ఆమె మెళ్ళోని పూసల దండను కూడా పరీక్షగా చూశాడు.

"నీ తప్పు లేదక్కా. నాకెర్క," అన్నాడు.

ఆమె బల్ల ఇంకాస్త ముందుకు జరుపుకుంది. ఆయన జేబులోంచి ఏదో తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఏం లేదు. గీ ఆధార్ జిరాక్స్ తియ్యి."

ఆమె లేచి తీసి ఇచ్చింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, చెప్పుకోవడానికి వచ్చిన మాట చెప్పకుండానే ఎండలోకి దిగి వెళ్ళిపోయాడు.